నా ప్రోగ్రామ్‌లో దూరిన గిలక్కాయ పాము

పోయిన సెమిస్టర్ జావా ల్యాబ్‌లో ఇన్‌హెరిటెన్స్ మీద ప్రోగ్రామ్ రాయమన్నారు. "కుక్క, పిల్లి వద్దు, కొత్తది ఏదైనా తీసుకోండి" అన్నారు మేడమ్. నేను పాముల్ని తీసుకున్నా. అలా పరిచయమైంది టింబర్ రాటిల్‌స్నేక్. అమెరికా తూర్పు వైపు అడవుల్లో ఉండే విషసర్పం ఇది. తోక చివర గిలక ఉంటుంది కాబట్టి మనం గిలక్కాయ పాము అనుకుందాం. ల్యాబ్ అయిపోయింది, మార్కులూ వచ్చేశాయి. పాము మాత్రం బుర్రలోంచి పోలేదు.

ముందు పేరు సంగతి. సైంటిఫిక్ పేరు క్రోటలస్ హారిడస్. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టాడు. ఆయన అమెరికా ఎప్పుడూ వెళ్లలేదు! గ్రీకులో 'క్రోటలాన్' అంటే చేత్తో పట్టుకుని టకటకలాడించే వాయిద్యం. మన హరిదాసు చేతిలో చిడతలు గుర్తు తెచ్చుకోండి. 'హారిడస్' లాటిన్ మాట. గరుకైనది అని ఒక అర్థం, భయపెట్టేది అని ఇంకొకటి. ఇంగ్లీష్ మీడియం కదా నాది, రెండోదే అనుకున్నా. కానీ దీని పొలుసుల మీద సన్నటి గట్టులాంటి గీత ఉంటుంది. కాబట్టి మొదటి అర్థం కూడా సరిపోతుంది.

ఇప్పుడు వర్గీకరణ. ఫ్యామిలీ వైపరిడే. మన రక్తపింజరదీ ఇదే ఫ్యామిలీ. రెండూ గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. అయితే గిలక్కాయ పాము క్రోటలినే అనే సబ్‌ఫ్యామిలీలోకి వస్తుంది. వీటికి కంటికీ ముక్కుకీ మధ్య, రెండు వైపులా చిన్న గుంట ఉంటుంది. అది వేడిని పసిగడుతుంది. చిమ్మచీకట్లో కూడా ఎలుక ఎక్కడుందో తెలిసిపోతుంది. రక్తపింజరకి ఆ గుంటలు లేవు. మన తూర్పు కనుమల్లో కనిపించే ఆకుపచ్చ బాంబూ పిట్ వైపర్‌కి ఉన్నాయి. అంటే ఆ పచ్చపాముకి పక్క పొలంలోని రక్తపింజర కంటే సముద్రాల అవతల ఉన్న గిలక్కాయ పామే దగ్గరి చుట్టం!

నా ప్రోగ్రామ్‌లో తప్పు దొర్లింది ఆ తర్వాతే. దక్షిణాది రాష్ట్రాల్లో, చిత్తడి నేలల పక్కన ఉండే వాటిని కేన్‌బ్రేక్ రాటిల్‌స్నేక్ అంటారు. ఒళ్లు కొంచెం గులాబీ రంగు, వీపు మీద తుప్పు రంగు చార. పాత పుస్తకాల్లో దీన్ని వేరే ఉపజాతిగా రాశారు. నేనూ సబ్‌క్లాస్ రాసేశా. తీరా చూస్తే, ఉత్తరం నుంచి దక్షిణానికి ఈ తేడాలు మెల్లగా మారుతూ వస్తాయే తప్ప మధ్యలో గీత గీయడం కుదరదు. అందుకే ఇప్పుడు చాలామంది నిపుణులు అంతా ఒకటే జాతి అంటున్నారు. విషంలో మాత్రం ప్రాంతాన్ని బట్టి తేడా ఉంది. దక్షిణాన కొన్ని చోట్ల నరాల మీద పనిచేసే విషం, మిగతా చాలా చోట్ల రక్తస్రావం, కండరాల నష్టం కలిగించే విషం. క్లాస్ ఒకటే, ఆబ్జెక్ట్‌కో వాల్యూ అన్నమాట. సబ్‌క్లాస్ డిలీట్ చేశా.

ఇక గిలక. పిల్లల గిలక్కాయలో లాగా లోపల గింజలేమీ ఉండవు. మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే చేసిన బోలు రింగులు, ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. తోకని సెకనుకి 50 సార్లకి పైగా ఊపితే అవి తగులుకుని మోగుతాయి. కుబుసం విడిచినప్పుడల్లా ఒక రింగు పెరుగుతుంది, పాతవి విరిగిపోతూ ఉంటాయి. కాబట్టి రింగులు లెక్కపెట్టి వయసు చెప్పడం కుదరదు. ఆ మోత "వచ్చి కరుస్తా" అని కాదు, "తొక్కకు" అని. రోజులో ఎక్కువసేపు పడిపోయిన చెట్టు మానుకి తల ఆనించి, ఎలుకో ఉడతో వస్తుందేమోనని కదలకుండా ఎదురుచూస్తుంది.

నన్ను ఆపేసింది దీని బతుకు లెక్క. చలి ప్రాంతాల్లో ఆడపాముకి మొదటి కాన్పు రావడానికే సుమారు 9 ఏళ్లు పడుతుంది. తర్వాత మూడేళ్లకో, ఇంకా ఆలస్యంగానో ఇంకొకటి. నాకు 19. నాతోపాటు పుట్టిన ఆడపాము ఇప్పటికి మహా అయితే నాలుగు కాన్పులు చూసి ఉంటుంది. ఎనిమిదో ఏట ఎవరైనా కర్రతో కొట్టి ఉంటే? సున్నా. పైగా చలికాలం ఇవన్నీ రాళ్ల సందుల్లో ఒకేచోట చేరతాయి, ఏటా అదే చోటికి తిరిగొస్తాయి. ఆ చోటు తెలిస్తే చాలు, గుంపుకి గుంపే పోతుంది.

అదే జరిగింది కూడా. 1775లో గాడ్స్‌డెన్ జెండా మీద గిలక్కాయ పాముని స్వాతంత్ర్యానికి గుర్తుగా వేసుకున్న దేశమే, తర్వాత న్యూయార్క్, వెర్మాంట్ లాంటి చోట్ల దాన్ని చంపినవాళ్లకి డబ్బులిచ్చింది. ఇప్పుడు మెయిన్, రోడ్ ఐలాండ్ రాష్ట్రాల్లో ఈ జాతి లేదు. కెనడాలో అసలే లేదు.

చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో గడ్డివాము దగ్గర మామయ్య ఒక పాముని కొట్టాడు. నేను పక్కనే నిలబడి ఫోన్‌లో వీడియో తీశా. ఏ పాము అని కూడా అడగలేదు. మొన్న సెలవులకి వెళ్లినప్పుడు ఆ వీడియో వెతికి చూశా. ఫోకస్ సరిగ్గా లేదు, ఏ జాతో ఇప్పటికీ తేల్చలేకపోయా. ఒకటి మాత్రం స్పష్టంగా కనిపించింది. అది వెనక్కి, వాము కిందికి పోతోంది.