ఎనేబుల్ పిన్ను విషయమై మేనల్లుడికి లేఖ



ఉదయం చక్కగా పనిచేసే బోర్డు, కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునేలోపు ఒక్కోసారి మొండికేస్తున్నదని చిరంజీవి గత ఉత్తరంలో వ్రాసినది చదివినప్పటి నుంచి, మేనమామ అనుమానం ఆ బోర్డులోని ఆర్టిక్స్-7 చిప్పు మీద కాక, రెగ్యులేటరు ఎనేబుల్ పిన్ను దగ్గరి కెపాసిటరు మీదనే నిలిచి ఉన్నది. ఎనేబుల్ పిన్ను అంటే తన మీది వోల్టేజి ఒక హద్దు దాటితేనే రెగ్యులేటరును పని మొదలుపెట్టనిచ్చే కాలు. ఆ చిప్పుకు 1.0 వోల్టు కోర్ సప్లై ముందు, 1.8 వోల్టుల ఆగ్జిలరీ సప్లై తరువాత, ఐ/ఓ సప్లై చివర రావాలనీ, ఆపేటప్పుడు వరుస తిరగబడాలనీ తయారీదారు సిఫార్సు చేసినది, ఆరంభంలో లాగే కరెంటు తగ్గడానికీ, ఐ/ఓ పిన్నులు దేనినీ నడపకుండా ఉండడానికీ.

ఆ వరుస కోసం ఎనేబుల్ పిన్నును ఆలస్యంగా లేపడానికి లక్ష ఓముల రెసిస్టరుతో 1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే, 3.3 వోల్టుల సప్లై మీద 1.2 వోల్టుల హద్దు చేరడానికి సుమారు 45 మిల్లీసెకన్లు పడుతుందన్న చిరంజీవి లెక్క సరైనదే. అయితే అది ఖాళీ కెపాసిటరుకు వర్తించే లెక్క. సప్లై 20 మిల్లీసెకన్లు సున్నాకు పడినా, అదే రెసిస్టరు గుండా ఖాళీ కావలసిన కెపాసిటరులో ఇంకా 2.7 వోల్టులు మిగులుతాయి గనుక, కరెంటు తిరిగి రాగానే ఆలస్యమన్నదే లేక రెగ్యులేటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి.

సప్లైల వరుస పట్టింపు కొత్తదేమీ కాదు. మేనమామ ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో 4116 మెమొరీ చిప్పులకు మైనస్ 5 వోల్టులు అన్నిటికంటే ముందు వచ్చి అన్నిటికంటే చివర పోవలసి ఉండేది. అందుకని స్విచ్చులకు వరుస సంఖ్యలు వేసిన కాగితం బల్లకు అంటించి ఉండేది, పక్కనే అక్కయ్య పంపిన ఆవకాయ సీసా కూడా. ఇంతకీ చిరంజీవి రాత్రి భోజనం మానేస్తున్నాడని ఆ అక్కయ్యే దిగులు పడుతున్నది. అది మాత్రం తగదు.

ఇక బోర్డు విషయానికి వస్తే, రెసిస్టరుకు అడ్డంగా, కెపాసిటరు చార్జి సప్లై వైపు జారిపోయేలా డయోడు పెట్టడం తాత్కాలిక ఉపాయం. అసలు మార్గం, మొదటి రెగ్యులేటరు అవుట్‌పుట్ నిలదొక్కుకునేవరకు భూమికి లాగిపట్టి ఉండే పవర్‌గుడ్ పిన్నును, పుల్-అప్ రెసిస్టరుతో సహా, రెండవదాని ఎనేబుల్‌కు కలపడం. ముందుగా ఆసిలోస్కోపులో ఎనేబుల్ పిన్నునూ కోర్ సప్లైనూ కలిపి చూసి, కరెంటు పోయి వచ్చిన క్షణపు చిత్రాన్ని మేనమామకు పంపవలసినది.