అక్క పెళ్లి వీసీడీ, తమ్ముడి ఫోన్ వీడియో ఒకే డిస్కులో

ప్రశ్న: వచ్చే నెల అమ్మకు ఎనభై ఏళ్లు నిండుతాయి. ఆవిడ ఫోన్ ముట్టుకోదు గానీ డీవీడీ ప్లేయర్ మాత్రం తనే పెట్టుకుని చూస్తుంది. అందుకని ఇంటిల్లిపాది వీడియోలూ పోగుచేశాను. మా ఫోన్లవి ఎంపీ4, తమ్ముడి ఐఫోన్‌వి ఎంఓవీ, అక్క పెళ్లి వీసీడీలోంచి తీసినది డాట్ ఫైలు, పాత క్యామ్‌కార్డర్ టేపు నుంచి ఎక్కించినవి ఏవీఐ. అన్నీ డిస్కులోకి కాపీ చేస్తే కంప్యూటర్లో ఆడుతున్నాయి, ప్లేయర్లో ఆడటం లేదు. డిస్కు పాడైందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: డిస్కు బాగానే ఉంది. మీరు చేసింది డేటా డిస్కు. అమ్మగారి ప్లేయరుకు కావలసింది వీడియో డిస్కు. అంటే వీడియో టీఎస్ అనే ఫోల్డరు, అందులో వీఓబీ ఫైళ్లు, వాటిలో ఎంపెగ్-2 వీడియో ఉండాలి. మన పాల్ పద్ధతిలో దాని సైజు 720×576, వేగం సెకనుకు 25 ఫ్రేములు, శబ్దం 48 కిలోహెర్ట్జ్. ఫోన్లు వాడే హెచ్.264, హెచ్.265 మామూలు డీవీడీ ప్లేయరుకు అర్థం కావు.

డీవీడీస్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తీసుకోండి. రకరకాల ఫైళ్లను వేస్తే తానే ఎంపెగ్-2లోకి మార్చి, మెనూ కట్టి, డిస్కు రాసిపెడుతుంది. చాలామంది అన్నీ ఒకే రకంగా ఉండాలని ముందు ఎంపీ4లోకి మార్చి, తర్వాత డీవీడీ చేస్తారు. అలా చేయకండి. మార్చిన ప్రతిసారీ బొమ్మలో కొంత పోతుంది. అసలు ఫైలు నుంచి డిస్కుకు ఒక్క అంగలో వెళ్లాలి.

అక్క పెళ్లి ఫైలు ఎంపెగ్-1, దాని సైజు 352×288. పెద్దది చేసినంత మాత్రాన ముఖాలు స్పష్టంగా రావు. ఆ సైజును డీవీడీ యథాతథంగా ఒప్పుకుంటుంది. వీసీడీ శబ్దం 44.1 కిలోహెర్ట్జ్ కాబట్టి దాన్ని మాత్రం 48కి మార్చాలి. టేపు ఫైళ్లతో ఇంకాస్త జాగ్రత్త. టేపులో ప్రతి ఫ్రేమూ సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలై ఉంటుంది. డీవీ టేపులో కింది సగం ముందు వస్తుంది. మార్చేటప్పుడు ఆ వరుస తిరగబడితే, కదలకుండా కూర్చున్నవాళ్లు బాగానే కనిపిస్తారు, నడిచేవాళ్లు మాత్రం వణుకుతారు. సెట్టింగుల్లో బాటమ్ ఫీల్డ్ ఫస్ట్ అని ఉందో లేదో చూడండి. నిలువుగా తీసిన ఫోన్ వీడియోల పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. తెర నిండాలని సాగదీస్తే మనుషుల ముఖాలు అడ్డంగా సాగుతాయి.

డిస్కులో పట్టేది 4.7 జీబీ. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున రెండు గంటలు చక్కగా సరిపోతాయి. నాలుగు గంటలు కుక్కితే హారతి మంటలు, జరీ చీరలు గళ్లుగళ్లుగా విడిపోతాయి. రెండు డిస్కులు చేయండి. డీవీడీ-ఆర్ మీద 4ఎక్స్ లేదా 8ఎక్స్ వేగంతో రాసి, అమ్మగారి ప్లేయర్లోనే మొదటి నుంచి చివరిదాకా ఆడించి చూడండి. కంప్యూటర్లో ఆడింది కదా అని ఊరుకోకండి.

అసలు ఫైళ్లు చెరపవద్దు. మా నాన్నగారి షష్టిపూర్తి డిస్కు అయిపోయిందని నేను టేపు ఫైళ్లన్నీ తీసేశాను. టేపులూ మిగల్లేదు. కొన్నేళ్లకు ఆ డిస్కు మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ఆయన అక్షింతలు వేయించుకునే చోటే ఆగుతుంది. అది నాకు ఇప్పటికీ బాధే.

ప్రశ్న: ఇదే డిస్కు న్యూజెర్సీలో ఉన్న చెల్లెలికి పంపితే అక్కడ ఆడుతుందా?

జవాబు: ఆడకపోవచ్చు. అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ: 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు. మన దగ్గర అమ్మిన ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడిస్తాయి, అక్కడివి చాలావాటికి పాల్ రాదు. అలాగని అందరికీ ఎన్‌టీఎస్‌సీ డిస్కే చేస్తే, 25 ఫ్రేముల పెళ్లి వీడియో కదలికల్లో చిన్న కుదుపు వస్తుంది. అమ్మగారికి పాల్, చెల్లెలికి ఎన్‌టీఎస్‌సీ విడిగా చేయండి, రెండూ అసలు ఫైళ్ల నుంచే. ఇంట్లో చేసిన డిస్కుకు రీజియన్ కోడ్ బెడద ఉండదు. ఆ అమ్మాయి కంప్యూటర్లో చూసేట్లయితే డిస్కెందుకు, అసలు ఫైళ్లే పెన్‌డ్రైవ్‌లో పంపండి. బొమ్మ డీవీడీ కంటే బాగుంటుంది.

ప్రశ్న: ఫోన్ వీడియో డిస్కులో మొదట బాగానే ఉంటుంది. పావుగంట తర్వాత మాట ముందు, పెదవులు వెనక. ఎందుకు?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఫోన్లు వెలుతురును బట్టి, పని ఒత్తిడిని బట్టి ఫ్రేముల వేగాన్ని మారుస్తూ తీస్తాయి. డీవీడీకి స్థిరమైన వేగం కావాలి. ఆ తేడా కొంచెం కొంచెంగా పేరుకుని మీకు పావుగంటకు బయటపడుతోంది. ఆ ఒక్క ఫైలును హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఫ్రేమ్ రేట్ 25, కాన్‌స్టంట్ ఎంచుకోండి. నాణ్యత అంకె 16 దగ్గర పెట్టండి. ఈ ఒక్కచోట రెండుసార్లు మార్చక తప్పదు కాబట్టి ఫైలు పెద్దదవుతుందని వెనకాడకండి. హ్యాండ్‌బ్రేక్ డిస్కు రాయదు. అందులోంచి వచ్చిన ఫైలును డీవీడీస్టైలర్‌కు ఇవ్వాలి.