తిరిగొచ్చిన సైనికుడి చరిత్ర



మీ తాతగారి సంవత్సరీకం నాటికి ఆయన మీద చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నావనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ రాశావు. నువ్వు పంపిన ప్రణాళిక చదివాను. మూడు యుద్ధాలకు మూడు అధ్యాయాలు: 1962, 1965, 1971. చివర నాలుగు పేజీల్లో మిగతా జీవితమంతా. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఈ అమరిక తిరగబడింది. యుద్ధంలో పోయిన సైనికుణ్ని దేశం గుర్తుంచుకుంటుంది. ప్రాణాలతో ఇంటికొచ్చిన సైనికుణ్ని గుర్తుంచుకోవలసింది ఇంటివాళ్లే. కాబట్టి ఆయన బతికిన ఎనభై ఆరేళ్లూ రాయాలి, అదీ ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఎందుకంటున్నానో విను.

మన నేల మీద వీరుల స్మృతి కొత్తది కాదు. పశువుల మందను కాపాడుతూ నేలకొరిగినవాడికీ, ఊరి కోసం కత్తి పట్టి పోయినవాడికీ నిలిపిన వీరగల్లులు తెలుగు పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. కారంపూడిలో పల్నాటి వీరులకు కార్తీక మాసంలో నేటికీ ఆరాధన జరుగుతుంది. ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో పాతిక వేలకు పైగా పేర్లు రాతి పలకల మీద చెక్కి ఉన్నాయి. ఇవన్నీ ప్రాణాలిచ్చినవారివే. అలా ఉండటం న్యాయం కూడా. కానీ ఆ యుద్ధాల్లోనే నిలబడి, సెలవు దొరికినప్పుడు రైలెక్కి ఊరొచ్చి, చివరికి పెట్టె సర్దుకుని శాశ్వతంగా ఇల్లు చేరిన లక్షల మందికి ఏ రాయీ లేదు. సైన్యం దృష్టిలో మీ తాతగారి కథ డిశ్చార్జి బుక్కుతో ముగిసింది. ఆ తర్వాత పింఛను కాగితాల్లో ఒక నంబరుగా మిగిలాడు. ఆ నంబరు వెనక మనిషి ఎలా బతికాడో చెప్పగలిగింది మీరు తప్ప ఇంకెవరూ లేరు. నువ్వు కూడా యుద్ధాలే రాస్తే, చరిత్ర పుస్తకాల్లో ఎలాగూ దొరికేదాన్ని మళ్లీ రాసి, మరెక్కడా దొరకనిదాన్ని వదిలేసినట్టవుతుంది.

లెక్క కూడా చూడు. చైనాతో యుద్ధం 1962 అక్టోబరు 20న మొదలై, నవంబరు 21న చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించడంతో ఆగింది. 1965 యుద్ధాన్ని ఆగస్టు మొదట్లో చొరబాటుదారులు కాశ్మీర్‌లోకి వచ్చిన నాటి నుంచి లెక్కేసినా సెప్టెంబరు 23తో ముగిసింది. 1971 యుద్ధం డిసెంబరు 3 నుంచి 16 వరకు. మూడూ కలిపినా వంద రోజులు నిండవు. 'ఆ వంద రోజులే కదా ఆయన్ని ఆయనగా చేసింది, రోజుల లెక్కతో విలువ కడతామా?' అని నువ్వు అడగవచ్చు. ఆ మాటలో నిజముంది. ఒక్క రాత్రి మనిషిని జీవితాంతం మార్చేయగలదు. అయితే ఆ మార్పు ఏమిటో తెలిసేది ఆ తర్వాతి ఏళ్లలోనే కదా! చప్పుడుకు ఉలిక్కిపడటంలో, తెల్లవారుజామునే లేచి పక్క మడతపెట్టడంలో, అన్నం మెతుకు పారేస్తే ఊరుకోకపోవడంలో, తోటి సిపాయి ఇంట్లో పెళ్లంటే ఎంత దూరమైనా బయల్దేరడంలో అది కనిపిస్తుంది. యుద్ధం ఆయన్ని ఏం చేసిందో చెప్పాలన్నా, యుద్ధం లేని ఏళ్లే రాయాలి.

ఆ ఏళ్లు ఖాళీగా గడిచినవి కావు. ఆ రోజుల్లో మామూలు జవానుకు పదిహేనేళ్ల సర్వీసు నిండితే పింఛను వచ్చేది. అంటే చాలామంది నలభై ఏళ్లయినా నిండకుండానే, పిల్లలు ఇంకా బడిలో ఉండగానే ఇంటికొచ్చేశారు. ఆ పింఛనుతో ఇల్లు గడవక బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా ఉద్యోగానికో, ఫ్యాక్టరీ గేటుకో వెళ్లారు, లేదంటే పొలంలోకి దిగారు. పటాలంలో హవల్దారుగా పదిమందికి ఆజ్ఞలిచ్చిన మనిషి, ఊళ్లో తనకంటే చిన్నవాడి కింద పనిచేయడం ఎలా నేర్చుకున్నాడన్నది ఏ యుద్ధ చరిత్రా చెప్పదు. ఒకే ర్యాంకుకు ఒకే పింఛను కావాలని మాజీ సైనికులు ఏళ్ల తరబడి అడిగారు, 2015లో జంతర్ మంతర్ దగ్గర దీక్షలకు కూర్చున్నారు, ఆ ఏడాదే ప్రభుత్వం ఒప్పుకుంది. మీ తాతగారి తరం ముసలితనంలో చేసిన పోరాటం అది. దాని గురించి మీ ఇంట్లో ఏమనుకున్నారో రాయి. అంతకుముందు ఆయన సర్వీసులో ఉన్న ఏళ్లలో ఇక్కడ ఇంటిని నడిపింది మీ నాయనమ్మ. ఉత్తరం మీద ఆర్మీ పోస్టాఫీసు చిరునామాగా '56 ఏపీఓ' అనో '99 ఏపీఓ' అనో రాస్తే చేరేది, కానీ మనిషి ఏ కొండ మీదున్నాడో ఆ చిరునామా చెప్పేది కాదు. మనియార్డరు ఆలస్యమైన నెల, రేడియోలో యుద్ధవార్తలు విన్న రాత్రి, అత్తగారి ఇంట్లో ఒంటరిగా దాటిన కాన్పు, ఇవన్నీ ఆవిడ సర్వీసు. ఆవిడకు డిశ్చార్జి బుక్కు ఎవరూ ఇవ్వలేదు.

ఇక నిజం సంగతి. ఇంట్లో చెప్పుకునే కథలు ఏటికేడూ పెరుగుతాయి, ప్రేమే వాటిని పెంచుతుంది. అందుకని రాసేముందు కాగితాలు, పతకాలు దగ్గర పెట్టుకో. 1965 నాటి రక్షా మెడల్, 1971 నాటి సంగ్రామ్ మెడల్ అప్పుడు సర్వీసులో ఉన్నవారికి విస్తృతంగా ఇచ్చారు. అవి ఉన్నంత మాత్రాన యుద్ధరంగంలో ఉన్నట్టు కాదు. సమర్ సేవా స్టార్ 1965లో యుద్ధక్షేత్రంలో పనిచేసినవారిది. 1971కి తూర్పున ఉన్నవారికి పూర్వీ స్టార్, పడమట ఉన్నవారికి పశ్చిమీ స్టార్. మన ఊళ్లలో దాన్ని 'బంగ్లాదేశ్ యుద్ధం' అంటారు కాబట్టి, ఆ యుద్ధం చేశాడనగానే ఢాకా దాకా వెళ్లాడనుకుంటారు. పెట్టెలో ఉన్నది పశ్చిమీ స్టార్ అయితే ఆయన అప్పుడు పడమటి సరిహద్దు వైపు ఉన్నాడన్నమాట. 1962లో సైన్యంలో ఉన్నవారంతా చైనాతో తలపడలేదు. పోరు లడఖ్‌లో, నేటి అరుణాచల్‌లో జరిగింది. ఆయన యూనిట్ ఎక్కడుందో డిశ్చార్జి బుక్కులో చూసి, తేలకపోతే ఆయన రెజిమెంటు రికార్డుల కార్యాలయానికి ఉత్తరం రాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంవాళ్లు దారి చెబుతారు.

'ఇంతా చేసి గొప్ప తగ్గిందని తేలితే?' అంటావేమో. తగ్గేది కథ గొప్ప, మనిషి గొప్ప తగ్గదు. సరిహద్దులో కందకంలో కూర్చుని శత్రువు కోసం ఎదురుచూసి, ఒక్క తూటా పేల్చకుండా వెనక్కొచ్చినవాడు కూడా ప్రాణం పణంగా పెట్టినవాడే, ఎందుకంటే ఆ తూటా రాదని అతనికి ముందుగా తెలియదు. మరోమాట. ప్రభుత్వాలే తమ యుద్ధాల గురించి అన్నీ తేల్చి చెప్పలేదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరంలో మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీని మన నౌకాదళం ముంచిందని మనమంటాం, ప్రమాదవశాత్తు పేలిందని వాళ్లంటారు. 1962 ఓటమిపై సైనికాధికారి హెండర్సన్ బ్రూక్స్ ఇచ్చిన నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు. యుద్ధ రికార్డులను సాధారణంగా పాతికేళ్లకు బయటపెట్టాలని రక్షణ శాఖ విధానం ప్రకటించింది 2021లో. దేశం దగ్గరే ఇన్ని ఖాళీలుంటే నీ పుస్తకంలో నాలుగుంటే తప్పేముంది? 'ఈ విషయం ఆయన ఎప్పుడూ చెప్పలేదు' అని రాసి ముందుకు సాగు. ఆ ఖాళీని ఊహతో పూడ్చకు. 1962లో దాదాపు నాలుగు వేల మంది మనవాళ్లు చైనాకు ఖైదీలుగా చిక్కి, తర్వాత తిరిగొచ్చారు. అలాంటి అనుభవాల గురించి నోరు విప్పనివారి మౌనానికి కారణాలుంటాయి. మాట్లాడకుండా ఉండటం ఆయన ఎంచుకున్నదైతే, దాన్ని గౌరవించడం కూడా స్మరణలో భాగమే.

చివరిగా నీకు అందరూ చెప్పబోయే మాట ఒకటుంది: పోయినవాళ్ల గురించి మంచే రాయాలని. ఆయన కోపం, పిల్లలకు పెట్టిన కర్ఫ్యూలు, క్యాంటీన్ నుంచి తెచ్చుకున్న రమ్ము ఇవేవీ ఎత్తవద్దంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ 'క్రమశిక్షణ, దేశభక్తి, దయ మూర్తీభవించిన మహనీయుడు' అన్న వాక్యంలో ఏ తాత పేరు పెట్టినా సరిపోతుంది. అందరికీ అతికే పొగడ్త ఎవరినీ గుర్తుచేయదు. నువ్వు ఏం రాయాలి, ఏం మానాలి అన్నదానికి గీత ఇక్కడ గీసుకో: ఆయన స్వభావం తెలియడానికి అవసరమైన లోపం రాయి. బతికున్నవారిని గాయపరిచే విషయం, నమ్మి చెప్పిన రహస్యం, ఇంట్లో తేలని ఆస్తి తగాదా రాయకు. కోపిష్టి అని తెలిసిన మనిషి మనవరాలి దగ్గర మెత్తబడ్డాడంటే ఆ మెత్తదనం విలువ పాఠకుడికి అందుతుంది. కోపం దాచేస్తే అదీ పోతుంది.

కాబట్టి పుస్తకాన్ని ఆయన పుట్టిన ఊరితో, బడి మానేసిన ఏడుతో, సైన్యంలో చేరడానికి దారితీసిన ఇంటి పరిస్థితితో మొదలుపెట్టు. మూడు యుద్ధాలకూ కలిపి ఒక అధ్యాయం చాలు. సర్వీసుకు ఒకటి, ఊరికొచ్చాక గడిచిన ఏళ్లకు రెండు, మీ నాయనమ్మకు ఒకటి ఇవ్వు. 1971లో పద్దెనిమిదేళ్లున్న కుర్రవాడికి కూడా ఇప్పుడు డెబ్బై దాటాయి, కనుక ఆయనతో పనిచేసినవారిలో ఎవరున్నారో వెతికి ఈ నెలలోనే మాట్లాడు. కాగితాలు ఎక్కడికీ పోవు, మనుషులు పోతారు. అన్నిటికన్నా ముందు రేపు ఉదయం మీ నాయనమ్మ దగ్గర కూర్చుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకో.

ఆశీస్సులతో,
నీ మాస్టారు