సుగ్గికి పోయే ముందు

దేవరగట్టు బన్ని ఉత్సవం ముగిసిందంటే నెరణికి తండాలోనూ, చుట్టుపక్కల సుగాలి తండాల్లోనూ సుగ్గి మాటలు, అంటే కూలి పనుల వలస మాటలు, మొదలవుతాయి. గుంటూరు మిరప చేలకా, బెంగళూరు కట్టడాలకా? పిల్లలూ వెంట నడవాల్సిందే. పోవద్దని చెప్పే స్తోమత నాకు లేదు. బయలుదేరే ముందు ఒక్క సంగతి చూసుకోండమ్మా.

ఇంట్లో తాతకో మేనమామకో టీబీ తేలితే అందరి దృష్టీ ఆయన మీదే. ఆయన పక్కలో పడుకునే మూడేళ్ల బిడ్డ ఎవరికీ గుర్తురాదు. బిడ్డకు దగ్గు లేదు, ఆడుకుంటోంది కదా అనుకుంటాం. గాలితో లోపలికి పోయిన క్రిమి పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి అణిగి ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లల్లో అంత ఆగకపోవచ్చు, ఒక్కోసారి మెదడు పొరలకూ పాకుతుంది. 1948లో మన మదనపల్లెలో వేయడం మొదలైన బీసీజీ టీకా అలాంటి ప్రాణాంతకమైన రకాల నుంచి చాలావరకు కాపాడుతుంది. అసలు టీబీయే రాదని మాత్రం హామీ ఇవ్వదు.

అందుకే ఇంటి పిల్లలందరినీ ఆసుపత్రిలో చూపించండి. జబ్బు లేదని డాక్టరు తేల్చాక, రాకుండా ఉండటానికి మాత్రలిస్తారు: రోజూ వేసుకునేవైతే 6 నెలలు, కొందరికి వారానికోసారి చొప్పున 12 వారాలు. బాగున్న బిడ్డకు మందెందుకని చాలామంది మానేస్తారు. నన్నడిగితే, బాగున్నప్పుడు వేసేదే అసలు మందు.

రెండు వారాలు దాటిన జ్వరం లేక దగ్గు, పెరగని బరువు, మెడ దగ్గర తగ్గని గడ్డ కనబడితే ఆలస్యం వద్దు. తాయెత్తు కడతానంటే కట్టండి, నాకు పేచీ లేదు, కానీ ఆసుపత్రికి పోవడం మాత్రం ఆపకండి. చిన్నపిల్లలు కళ్లె ఉమ్మలేరు, మింగేస్తారు. కాబట్టి పొద్దున పరగడుపునే సన్నని గొట్టంతో కడుపులోంచి తీసి పరీక్షిస్తారు. చూస్తే భయం వేస్తుంది గానీ ప్రమాదమేమీ కాదు.

టీబీ తేలి మందు మొదలయ్యాక మూత్రం ఎర్రగా వస్తే అది నెత్తురు కాదు, మందు రంగే. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. కంచాలు వేరు చేయడం దండగ. టీబీ పాకేది గాలితోనే, కంచంతో కాదు. ఇంట్లోనే ఉండి మందు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లోనే మద్రాసు పరిశోధన తేల్చింది, ఇంటివాళ్లకు అదనంగా ముప్పేమీ ఉండదని ఆ తర్వాత తేలింది.

ఇక సుగ్గి సంగతి. నెల రోజులకే జ్వరం తగ్గి బిడ్డ తేరుకుంటుంది, అప్పుడే ప్రయాణం పడుతుంది, మాత్రలు ఇంట్లో ఉండిపోతాయి. మందు సగంలో ఆపితే టీబీ మొండిదై తిరిగి రావచ్చు. ఏ ఊరు పోతున్నారో ముందే ఆశా కార్యకర్తకు చెప్పండి. బిడ్డ పేరున ఇచ్చిన నిక్షయ్ (టీబీ నమోదు) నంబరు రాసి పెట్టుకోండి. అది చూపిస్తే గుంటూరులోనైనా, బెంగళూరులోనైనా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా మందిస్తారు. చికిత్సలో ఉన్న వాళ్లకు పౌష్టికాహారానికని ప్రభుత్వం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి వెళ్లండి. సందేహముంటే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.