ఇంజను ఎందుకు మరిగింది?

మే నెల మధ్యాహ్నం. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాల చప్పుడు వినిపిస్తున్నది. వీధి మలుపులో ఒక పాత అంబాసిడర్ కారు వచ్చి ఆగింది. బానెట్ సందుల్లోంచి తెల్లని ఆవిరి బుసలు కొడుతున్నది. పక్కింటి కుర్రవాడు చెంబుతో నీళ్ళు తెచ్చి, తడిగుడ్డ చేతికి చుట్టుకొని, రేడియేటర్ మూత తిప్పబోయాడు.

"ఆగు బిడ్డా! మూత ముట్టకు!" అని అరిచాడు మెకానిక్.

పిల్లలూ! ఈ కారు మనం పాఠం కోసం ఊహించుకున్నదే. కాని దాని జబ్బు మాత్రం నిజమైనది. పాత కార్లకు కొత్త హంగులు అమర్చేవారికి తరచుగా ఎదురయ్యేదే. ఆ జబ్బును మెకానిక్ ఎలా పట్టుకున్నాడో చూద్దాం. అంతకంటే ముందు, అతడెందుకు అలా అరిచాడో తెలుసుకుందాం.

మూత తీస్తే ఏమవుతుంది?

మామూలు వాతావరణ పీడనం వద్ద నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరుగుతుంది. పీడనం పెరిగితే మరిగే స్థానం కూడా పెరుగుతుంది. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పనిచేసేది ఈ సూత్రం మీదనే. రేడియేటర్ మూతలో కూడా ఒక స్ప్రింగు ఉంటుంది. అది లోపలి పీడనాన్ని బయటి పీడనం కంటె అరవంతు ఎక్కువగా నిలిపితే, నీరు దాదాపు 111 డిగ్రీల దాకా మరగదు.

లోపల నీరు 105 డిగ్రీల వద్ద ఉన్నదనుకోండి. మూత తీయగానే పీడనం పడిపోతుంది. నీరు ఒక్కసారిగా 100 డిగ్రీలకు దిగాలి. దిగే ఆ 5 డిగ్రీల వేడి ఎక్కడికి పోతుంది? కొంత నీటిని ఆవిరిగా మార్చడానికి ఖర్చవుతుంది. లెక్క వేస్తే లీటరు నీటిలో ఆవిరయ్యేది 9 గ్రాములే. కాని ఆ 9 గ్రాముల నీరు దాదాపు 15 లీటర్ల ఆవిరి అవుతుంది! అది తనతో పాటు మరిగే నీటిని కూడా ముఖం మీదికి చిమ్ముతుంది. తడిగుడ్డ దాన్ని ఆపలేదు. అందుకే ఇంజను ఆపి, పూర్తిగా చల్లారేదాకా మూత జోలికి పోకూడదు.

వేడి పోయే దారి

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో సుమారు నాలుగోవంతు నుంచి మూడోవంతు వరకే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడి. అందులో కొంత పొగగొట్టం గుండా పోతుంది. మరికొంత ఇంజను లోహంలోంచి నీటికి, నీటినుంచి రేడియేటర్ గొట్టాలకు, వాటికున్న పలుచని రేకులకు, అక్కడినుంచి గాలికి చేరాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఇంజను కాగిపోతుంది.

నీటి కంటె గాలికి ఎక్కువ పని పడుతుంది. సెకనుకు 20 కిలోజౌళ్ళ వేడిని తీసేయాలనుకుందాం. గాలి 20 డిగ్రీలు వేడెక్కుతూ దాన్ని మోసుకుపోవాలంటే, సెకనుకు కిలోగ్రాము గాలి, అంటే దాదాపు ఒక ఘనమీటరు గాలి రేడియేటర్ గుండా పోవాలి. ఒక పెద్ద బీరువా పట్టేంత గాలి, ప్రతి సెకనూ!

హంగులు తెచ్చిన చిక్కు

అంబాసిడర్ కార్లను 1950ల చివరి నుంచి 2014 వరకు కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారుచేశారు. చాలాకాలం వాటిలో 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఉండేది. 1990లలో కంపెనీవారే 1817 ఘన సెంటీమీటర్ల ఇసుజు ఇంజను ఉన్న రకాన్ని కూడా అమ్మారు. మన కారు యజమాని తన పాత బండిలో ఆ పెద్ద ఇంజను పెట్టించాడు. కాని రేడియేటర్ మాత్రం పాతదే ఉంచాడు. దాని ముందు ఎ.సి. కండెన్సర్ బిగించాడు. ఇంజనుతో పాటు తిరిగే ఫ్యాను తీసేసి, బ్యాటరీతో నడిచే విద్యుత్ ఫ్యాను పెట్టాడు.

రేడియేటర్‌లోని నీరు 90 డిగ్రీల వద్ద ఉన్నదనుకోండి. చలికాలం ఉదయం గాలి 20 డిగ్రీలు ఉంటే, రెండింటికీ తేడా 70. వరంగల్ మే నెల ఎండలో గాలి 44 డిగ్రీలు ఉంటే, తేడా 46కు పడిపోతుంది. ఎ.సి. కండెన్సర్ ఆ గాలిని ముందే మరో 10 డిగ్రీలు వేడిచేస్తే, మిగిలే తేడా 36. వేడి ప్రవహించే వేగం ఈ తేడా మీద ఆధారపడుతుంది. అంటే అదే రేడియేటర్ చలికాలంలో చేసిన పనిలో సగమే ఇప్పుడు చేయగలదు. పెద్ద ఇంజనేమో ఇంకా ఎక్కువ వేడి పంపుతున్నది!

"కొత్త రేడియేటర్ కొనాలేమో?" అన్నాడు యజమాని. అది వేలతో కూడిన ఖర్చు. మెకానిక్ తొందరపడలేదు. తెగిన పోగును వెతికే నేతగాడు గుడ్డంతా విప్పడు గదా!

ఎప్పుడు వేడెక్కుతున్నది?

మెకానిక్ అడిగిన మొదటి ప్రశ్న ఇది. యజమాని చెప్పిన జవాబు: "కాజీపేట దాటి హైదరాబాదు రోడ్డెక్కితే ముల్లు దిగుతది. వరంగల్ చౌరస్తాలో బండి నిలబడితే ఎక్కుతది."

ఈ ఒక్క జవాబుతో సగం దారి తెలిసింది. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఆ వేగంలో గాలి తనంతట తానే రేడియేటర్ లోకి దూసుకొస్తుంది. బండి ఆగితే ఫ్యాను ఒక్కటే దిక్కు. కాబట్టి అనుమానం ఫ్యాను మీదికి పోయింది. ఇందుకు భిన్నంగా, వేగంగా పోయేటప్పుడో ఎత్తు ఎక్కేటప్పుడో కాగి ఉంటే, పూడిపోయిన రేడియేటర్ గొట్టాలను, నీటి పంపును, జారే బెల్టును, లోపలికి నొక్కుకుపోయే కింది గొట్టాన్ని అనుమానించాలి. బోరు నీరు కఠినజలమైతే గొట్టాల లోపల పొలుసు కడుతుంది. బయటికి కారకుండానే నీరు తగ్గుతూ, రేడియేటర్‌లో బుడగలు వస్తుంటే, హెడ్ గాస్కెట్ చెడిందేమో చూడాలి.

తర్వాత దూరంనుంచే వేడిని కొలిచే పరారుణ ఉష్ణమాపకంతో రేడియేటర్ పైగొట్టాన్ని, కింది గొట్టాన్ని కొలిచాడు. రెండూ దాదాపు ఒకే వేడిలో ఉన్నాయి. దీని అర్థం? నీరు చాలా నెమ్మదిగా ప్రవహిస్తుంటే రేడియేటర్‌లో ఎక్కువసేపు ఉండి బాగా చల్లారేది, తేడా పెద్దగా కనిపించేది. ఇక్కడ నీరు తిరుగుతూనే ఉన్నది. దాని వేడిని తీసుకునే గాలి లేదు.

కాగితం చెప్పిన సంగతి

మెకానిక్ ఫ్యాను తిరుగుతుండగా ఒక వార్తాపత్రిక కాగితాన్ని కారు ముందు జాలీకి దగ్గరగా పట్టాడు. ఫ్యాను గాలిని లోపలికి లాగితే కాగితం జాలీకి అంటుకోవాలి. కాని అది ఎగిరి రోడ్డు మీద పడింది! ఫ్యాను తిరుగుతున్నది, అయితే తలకిందులుగా. ఏకముఖ విద్యుత్తుతో నడిచే ఇటువంటి మోటారుకు తీగలు తారుమారైతే అది ఎదురు దిశలో తిరుగుతుంది. ఇంజను దగ్గరి వేడిగాలినే అది రేడియేటర్ మీదికి నెడుతున్నది.

తీగలు మార్చారు. ముల్లు చాలావరకు దిగింది. కాని ఎ.సి. వేసి బండిని నిలిపితే మళ్ళీ మెల్లగా ఎక్కసాగింది. అప్పుడు రెండో లోపం కనిపించింది. ఫ్యానుకు, రేడియేటర్ అంచులకు మధ్య ఖాళీ ఉన్నది. ఫ్యాను రేడియేటర్ గుండా కాక, పక్కల నుంచి వేడిగాలిని లాగుతున్నది. చుట్టూ రేకు తొడుగు బిగించగానే ముల్లు నిలిచింది. పాత రేడియేటరే సరిపోయింది. ఒకసారికి ఒక్క మార్పే చేయడం వల్ల ఏ లోపం ఎంత బాధ పెట్టిందో కూడా తెలిసింది.

"థర్మోస్టాట్ కూడా తీసేస్తే ఇంకా చల్లగా ఉంటది గదా?" అన్నాడు యజమాని. ఇది చాలామంది పడే పొరపాటు. థర్మోస్టాట్‌లో మైనం ఉంటుంది. నీరు సుమారు 82 డిగ్రీలకు చేరగానే మైనం కరిగి వ్యాకోచించి దారి తెరుస్తుంది. బాగా పనిచేసే థర్మోస్టాట్ వేడిలో ఎలాగూ తెరిచే ఉంటుంది. దాన్ని తీస్తే ఇంజను త్వరగా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

చేసి చూడండి

రెండు ఒకే రకం స్టీలు గ్లాసుల్లో సమానంగా గోరువెచ్చని కంటె కొంచెం వేడి నీరు పోయండి. పెద్దవారి సాయం తీసుకోండి. రెండింటినీ అట్టముక్కతో మూసి, దానికి చిన్న రంధ్రం చేసి ఉష్ణమాపకం పెట్టండి. ఒక గ్లాసును టేబుల్ ఫ్యాను ఎదుట, రెండోదాన్ని గాలి తగలని మూల ఉంచండి. రెండు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత రాసి గ్రాఫు గీయండి. తర్వాత ఫ్యానుకు, గ్లాసుకు మధ్య ఒక పుస్తకం అడ్డుపెట్టి మళ్ళీ చూడండి.

ఆలోచించండి

1. పై ప్రయోగంలో గ్లాసులకు మూత ఎందుకు పెట్టాలి?
2. మన కారు ఫ్యాను తలకిందులుగా తిరుగుతున్నా, హైదరాబాదు రోడ్డు మీద ఇంజను ఎందుకు కాగలేదు?
3. గాలి 30 డిగ్రీలు, రేడియేటర్ నీరు 90 డిగ్రీలు ఉంటే, మే నెల కంటె రేడియేటర్ ఎన్ని రెట్లు బాగా పనిచేస్తుంది?