గుణదోషాల ద్రావణి – టోలీన్

అగ్నికి పర్యాయపదాలు అనేకం. అమరకోశం పేర్కొన్న వాటిలో రెండు ప్రత్యేకంగా గమనింపదగినవి. ఒకటి 'ఆశ్రయాశుడు', అనగా తనకు ఆశ్రయమిచ్చిన దానినే భక్షించేవాడు. రెండవది 'వాయుసఖుడు', అనగా గాలికి మిత్రుడు. మొదటి పేరు ఇంధనాన్ని, రెండవ పేరు ప్రాణవాయువును స్ఫురింపజేస్తాయి. ఈ రెండింటికి తగినంత వేడి తోడైనప్పుడు మంట పుడుతుంది. ఆధునిక శాస్త్రం చెప్పే 'అగ్ని త్రిభుజం' ఇదే. మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా అగ్ని నిలువదు. పరిశ్రమలలో విరివిగా వాడే టోలీన్ అనే ద్రవాన్ని గురించి తెలుసుకొనే వారు ఈ సూత్రాన్ని మరువరాదు.

దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో తోలు అనే పట్టణం ఉన్నది. ఆ ప్రాంతపు చెట్ల నుండి స్రవించే సుగంధభరితమైన జిగురుకు తోలు బాల్సం అని పేరు. 1841లో డెవిల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ జిగురును స్వేదనం చేసి ఒక ద్రవాన్ని వేరుచేశాడు. ఆ ఊరి పేరే ద్రవానికి స్థిరపడింది. తెలుగులో చర్మమని అర్థమిచ్చే 'తోలు'కు, ఈ పేరుకు ఏ సంబంధమూ లేదు. నేడు టోలీన్ ప్రధానంగా ముడి చమురు శుద్ధి ప్రక్రియలలో లభిస్తున్నది.

టోలీన్ రంగులేని పలుచని ద్రవం. దాని అణువులో ఏడు కార్బన్, ఎనిమిది హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. రంగుల దుకాణంలో థిన్నర్ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే ఘాటు వాసన అనేక సందర్భాలలో దీనిదే. ఇది దాదాపు 111 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. నీటిలో కలవదు, నీటికన్న తేలిక కాబట్టి పైన తేలుతుంది. నూనెలను, రెజిన్లను, రబ్బరును తనలో కరిగించుకొంటుంది. ఈ గుణం వల్లనే రంగులు, వార్నిషులు, జిగుర్లు, ముద్రణ సిరాలు, ఔషధాల తయారీలో దీనికి పెద్దపీట లభించింది. పరుపులకు వాడే నురుగు పదార్థానికి మూలద్రవ్యమూ ఇదే, టి.ఎన్.టి. అనే విస్ఫోటకానికి మూలద్రవ్యమూ ఇదే.

ఇన్ని ఉపయోగాలున్న ద్రవంలో దాగిన అపాయం దాని ఆవిరి. నిజానికి మండేది ద్రవం కాదు, దానిపై లేచే ఆవిరి. కేవలం 4 డిగ్రీల వద్దనే నిప్పు తగిలితే అంటుకొనేంత ఆవిరిని టోలీన్ విడుస్తుంది. తెలుగునాట చలికాలపు రాత్రులలో సైతం సాధారణంగా అంతకు మించిన వేడి ఉంటుంది. గాలిలో ఈ ఆవిరి సుమారు 1 శాతం నుండి 7 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ సోకితే పేలుడు సంభవిస్తుంది. ఆవిరి గాలికన్న మూడు రెట్లు బరువైనది. అందువల్ల అది పైకి పోక, నేలను అంటిపెట్టుకొని పాకి, దూరాన ఉన్న పొయ్యినో, విద్యుత్ స్విచ్చినో చేరగలదు. అక్కడ అంటుకొన్న మంట వచ్చిన దారినే వెనుకకు పరుగెత్తుతుంది.

ఈ కారణం చేతనే నిండిన డ్రమ్ముకన్న 'ఖాళీ' డ్రమ్ము ప్రమాదకరం కావచ్చును. ద్రవమంతా వంచివేసినా లోపల ఆవిరి, గాలి కలిసి మిగిలి ఉంటాయి. అది ఖాళీయే కదా అని శుభ్రపరచకుండా వెల్డింగ్ చేయబూనిన కార్మికుని పాలిట ఆ డ్రమ్మే మృత్యువు.

నిప్పురవ్వ ఎల్లప్పుడూ అగ్గిపుల్ల నుండే రాదు. టోలీన్ విద్యుత్తును దాదాపు ప్రసరింపనీయదు. గొట్టంలో వేగంగా ప్రవహించినప్పుడు, ఎత్తునుండి చిమ్ముతూ పడినప్పుడు దానిలో స్థిర విద్యుత్తు పేరుకొంటుంది. అందుకే ఒక లోహపాత్ర నుండి మరొక దానికి పోసేటప్పుడు రెండింటినీ తీగతో కలిపి, భూమికి అనుసంధానించాలి. గొట్టం చివర పాత్ర అడుగువరకు ఉండాలి, ద్రవాన్ని నెమ్మదిగా పంపాలి. ప్లాస్టిక్ బకెట్లు వాడరాదు. గదిలో నేలమట్టాన కూడా గాలి ఆడాలి. మంట లేచినచో నీటిధార పనికిరాదు. నీటిపై తేలిన టోలీన్ మంటను మరింత దూరం మోసుకుపోతుంది. నురుగు, పొడి రసాయనం, కార్బన్ డయాక్సైడ్ పనిముట్లనే వాడాలి.

రక్తక్యాన్సర్‌కు కారకమని తేలిన బెంజీన్ స్థానంలో అనేక చోట్ల టోలీన్ ప్రవేశించింది. అంతమాత్రాన అది నిరపాయకరం కాదు. దాని ఆవిరిని పీల్చినవారికి తలనొప్పి, కళ్ళు తిరగడం, మగత కలుగుతాయి. మత్తుకోసం జిగురును, థిన్నరును పీల్చే దురలవాటుకు లోనైన పిల్లల మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చును. ఒక్కోసారి గుండె ఆగి ప్రాణమే పోవచ్చును.

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారంలో 2024 ఆగస్టు 21న పేలుడు జరిగి 17 మంది మరణించారు. అక్కడ లీకైనది టోలీన్ కాదు, మరొక ద్రావణి. కాని నేర్పిన పాఠం ఒక్కటే: బయటపడిన ఆవిరి తన నిప్పురవ్వను తానే వెదుక్కొంటుంది. భోపాల్ విషాదం 1984లో సంభవించిన పిమ్మట, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, తాము వాడే పదార్థాల అపాయాన్ని తెలుసుకొనే హక్కును, ముంచుకు వచ్చే ముప్పును గురించి హెచ్చరించే హక్కును కార్మికులకు కల్పించారు. ఆ హక్కు కాగితంపై ఉంటే చాలదు. డ్రమ్ముపై అంటించిన జ్వాల గుర్తును చదవగలిగిన కన్ను, "ఆగండి" అని చెప్పగలిగిన నోరు ఉండాలి.

టోలీన్ స్వయంగా మిత్రుడూ కాదు, శత్రువూ కాదు. ఆశ్రయాశునికి ఆశ్రయం దొరకకుండా, వాయుసఖునికి రవ్వ తోడు కాకుండా చూడడమే మానవుని వివేకం.

కఠిన పదాలు – అర్థాలు
ద్రావణి : ఇతర పదార్థాలను తనలో కరిగించుకొనేది
స్వేదనం : మరిగించి, ఆవిరిని చల్లార్చి ద్రవాన్ని వేరుచేయడం
విస్ఫోటకం : పేలుడు పదార్థం
నిరపాయకరం : అపాయం కలిగించనిది

ప్రశ్నలు
1. 'ఆశ్రయాశుడు', 'వాయుసఖుడు' అనే పేర్లు అగ్ని త్రిభుజాన్ని ఎట్లు సూచిస్తున్నవో వివరించండి.
2. ఖాళీ డ్రమ్ము ప్రమాదకరమని ఎందుకు చెప్పారు?
3. టోలీన్ మంటలపై నీటిధార ఎందుకు పనికిరాదు?
4. టోలీన్‌ను ఒక పాత్ర నుండి మరొక పాత్రలోనికి పోసేటప్పుడు పాటింపవలసిన జాగ్రత్తలను వ్రాయండి.