షెడ్డులో గొయ్యి

విజయవాడ ఆటోనగర్‌లో లారీలు, కార్లు బాగుచేసే షెడ్లు చాలా ఉన్నాయి. కొన్ని షెడ్లలో పొడుగాటి గొయ్యి తవ్వి ఉంటుంది. బండిని దాని మీద నిలబెడతారు. మెకానిక్ గోతిలో నిలబడి బండి అడుగు భాగం చూస్తాడు. వెల్లకిలా పడుకునే బాధ లేదు.

అక్కల్లారా! మీ ఇంటాయనో, కొడుకో ఈ పని చేస్తుంటే ఇది చదివి వినిపించండి.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. జారి గోతిలో చేరుతుంది. కంటికి కనపడదు. అక్కడ బీడీ ముట్టిస్తే భగ్గుమంటుంది. బల్బు పగిలినా అంతే. పెట్రోలు వాసన వస్తుంటే లోపలికి దిగకూడదు.

ఇంజను పొగ ఇంకా దొంగది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంది. పేరు కష్టమే, కూడబలుక్కుని చదవండి. దానికి వాసనే లేదు! ముందు తలనొప్పి, కళ్లు తిరగడం. తర్వాత స్పృహ పోతుంది. మనిషి గోతిలో ఉంటే ఇంజను ఆపెయ్యాలి.

ఎవరైనా లోపల పడిపోతే గబాల్న దిగకండి. పాడుబావుల్లో ఇలా దిగే ఒకరి వెనక ఒకరు పోతుంటారు. ఇంజను ఆపాలి, తలుపులు తెరవాలి, కేకలెయ్యాలి. 101కి, 108కి ఫోను చెయ్యాలి.

బండి లేనప్పుడు గోతి మీద చెక్కలు పరవాలి. చంటిపిల్లని చంకనేసుకుని క్యారేజీ తీసుకెళ్లేది మనమే కదా!

మాట్లాడుకోండి: మీ వాళ్ల షెడ్డులో గోతికి చెక్కలున్నాయా?